నిద్రపోతున్న అరియాడ్నె: అంచుల్లేని పాత అచ్చా, శుభ్రమైన తర్వాతి అచ్చా?

"పాతది కాస్త పాడైంది, తర్వాత తీసినది శుభ్రంగా ఉంది. ఏది కొనమంటారు?" ఎచింగ్‌లు, అంటే రాగిరేకు మీద యాసిడ్‌తో గీతలు తినిపించి, ఇంకు పూసి తీసే అచ్చులు, కొనడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగేదే ఇది. మొన్న నేనూ అక్కడే ఆగిపోయాను.

బొమ్మ ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాన్సువా పెరియేది. రోమ్‌లోని ప్రాచీన శిల్పాలను 100 రాగిరేకుల మీదికెక్కించి 1638లో పుస్తకంగా తెచ్చాడాయన. అందులో వాటికన్‌లో ఉన్న, నిద్రపోతున్న అరియాడ్నె (గ్రీకు పురాణాల్లోని రాకుమారి) శిల్పం ఒకటి. వెతికేవాళ్ళు క్లియోపాత్రా పేరుతో వెతకండి. చేతికున్న పాము కడియం చూసి అప్పట్లో ఆవిడే అనుకున్నారు. 18వ శతాబ్దం చివర్లో ప్రాచీన శిల్పాల పండితుడు విస్కోంతి చెప్పాకే అరియాడ్నె అయింది.

నా ముందు రెండు ప్రతులున్నాయి. మొదటిదాని అంచులు బొమ్మ దాకా కత్తిరించేశారు, ఒక మూల మడత కూడా ఉంది. రెండోది అదే రేకు మీద చాలా తర్వాత తీసింది. వెడల్పాటి అంచులు, మరకల్లేవు, ధర సగమే. చూడగానే మనసు దానిమీదికే పోయింది.

భూతద్దం పెట్టాక మారిపోయింది. యాసిడ్ తిన్న గీతలోనే కదా ఇంకు నిలిచేది. ప్రతి కాగితానికీ ఇంకు పూసి, తుడిచి, ప్రెస్సులో నొక్కుతుంటే రాగి అరుగుతుంది, ముందు సన్నగీతలే పోతాయి. యుద్ధం చేసే వీరుడి బొమ్మలో అవి పోయినా కండలూ కత్తీ మిగులుతాయి. నిద్రపోయే మనిషికి ఏం మిగులుతుంది? రెప్ప కింది నీడ, తలమీదుగా వేసుకున్న చేతి కింద చీకటి, నడుము మీద జారిన బట్ట మడతలు, నిద్రంతా వీటిలోనే ఉంది. రెండో ప్రతిలో అవి అరిగిపోయి, ఆవిడ కళ్ళు మూసుకుని ఫొటోకు కూర్చున్నట్టుంది. అరిగిన గీతల్ని ఎవరైనా మళ్ళీ లోతు చేసి ఉంటే ఇంకా మొరటు.

కాగితాన్ని వెలుతురుకెత్తి కూడా చూడండి. పెరియే కాలంలో కాగితానికి, దాన్ని తయారుచేసే తీగల జల్లెడ వల్ల, లోపల చారలుండేవి. చారల్లేకపోతే తర్వాతి అచ్చే. చారలున్నాయని మాత్రం పాతదని అనుకోవద్దు.

ఫొటో పద్ధతిలో తీసిన నకళ్ళు గోడకు బాగానే ఉంటాయి. 1797లో మొదలైన, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం వాళ్ళ రేకుల భాండారం పాత రేకుల మీద ఇప్పటికీ అచ్చులు తీసి అమ్ముతుంది. అవి కొత్తగా తీసిన అచ్చులని చెప్పే అమ్ముతారు కాబట్టి మోసం లేదు.

నేను మొదటిదే తీసుకున్నాను. తిరిగి అమ్మే ఆలోచన ఉంటే అంచుల్లేని ప్రతి జోలికి పోకండి, ధర పలకదు. ఫ్రేమ్ కట్టే అతనూ "పట్టుకోడానికి ఇంతైనా వదల్లేదేంటండీ" అని గొణుక్కుంటూనే కట్టాడు.