కత్తియుద్ధంలో నవ్వు: రెండు పాత చిత్రాల్లో ఏది మేలు?

కావలిలో పుట్టిన రాజనాల కత్తి దూసి నిలబడితే కథానాయకుడు నిజంగానే ఓడిపోతాడేమోనని బెదురుతూ జానపద చిత్రాలు చూసి పెరిగిన మాబోటి నెల్లూరు జిల్లా వాళ్లకు, కత్తిసామునే హాస్యంగా మలచిన రెండు పాత హాలీవుడ్ చిత్రాలు తప్పక నచ్చుతాయని నా నమ్మకం. ఒకటి 1952 నాటి ‘ది క్రిమ్సన్ పైరేట్’, రెండోది 1955 నాటి ‘ది కోర్ట్ జెస్టర్’. మన వైపు వీటి పేరెత్తే వారు అరుదు. సెలవులకు వచ్చిన పిల్లలతో కలిసి ఒక్కటే చూసే వీలుంటే దేన్ని ఎంచుకోవాలి?

మొదటి చిత్రానికి బలం బర్ట్ లాంకాస్టర్ దేహమే. సినిమాల్లోకి రాకముందు సర్కస్‌లో విన్యాసాలు చేసిన ఆయన, నాటి జోడీ నిక్ క్రవాట్‌ను మూగ అనుచరుడిగా వెంటబెట్టుకుని ఓడ తాళ్ల మీదా ఇళ్ల కప్పుల మీదా గెంతుతుంటే మనకూ హుషారు పుడుతుంది. బోర్లించిన పడవలో గాలి నిలుపుకుని సముద్రపు అడుగున నడిచే ఘట్టాన్ని పిల్లలు మరచిపోరు. అయితే ఎదుటి పక్షంలో అతనికి సాటి వచ్చే కత్తి ఒక్కటీ లేదు. గెలుపు ముందే తెలిసిపోవడంతో నవ్వు పలచబడుతుంది.

రెండో చిత్రంలో డానీ కే పోషించిన హాకిన్స్ ఆడిపాడి బతికే అమాయకుడు. విదూషకుడి వేషంలో కోటలో చేరిన అతన్ని రాకుమారి దాసి గ్రిసెల్డా వశీకరిస్తుంది. చిటికె వేస్తే మహావీరుడవుతాడు, మళ్లీ వేస్తే మామూలు మనిషైపోతాడు. ఎదురుగా ఉన్నది బాసిల్ రాత్‌బోన్, నిజ జీవితంలోనూ ఖడ్గవిద్య నేర్చినవాడు. ఆ ముఖంలో వేళాకోళం లేశమైనా లేదు కనుకనే ప్రతి చిటికెకూ ప్రాణభయమూ నవ్వూ కలిసే వస్తాయి. రాజనాల గంభీరంగా ఉన్నందువల్లే మన జిల్లాకే చెందిన రమణారెడ్డి బక్కపలచని భయం అంతగా పండేదని నాకు ఈ చిత్రం చూశాకే బాగా అర్థమైంది.

భారీ ఖర్చుతో తీసిన ఈ చిత్రం విడుదలనాడు నష్టపోయినా, 2004లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. నా ఓటు దీనికే. మరీ చిన్న పిల్లలుంటే మాత్రం మొదటిదే మేలు, ఎందుకంటే రెండోదానిలో సగం నవ్వు ఇంగ్లీషు మాటల గారడీలో ఉంది. పెద్ద పిల్లలైతే, విషపు పాత్ర ఘట్టం రాగానే ఒక్క నిమిషం ఆపి, విషం ఏ గిన్నెలో ఉందో తెలుగులో చెప్పి మళ్లీ నడిపించండి.