విజయనగరంలో ‘ఓపెన్ బాక్స్’ ల్యాప్‌టాప్ కొనబోయేవారు ముందు ఇది చదవండి

ఇప్పుడే ఆ దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రేపటిదాకా ఆగితే కోపం చల్లారి, పోనీలే అని ఊరుకుంటానేమోనన్న భయంతో ఈ రాత్రే రాస్తున్నాను. కాలేజీలు తెరిచే రోజులివి. ఈ వారం మన జిల్లాలో ఎన్ని ఇళ్ల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని అదే దుకాణం మెట్లు ఎక్కుతారో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

పేరు రాయను. రోజూ వాట్సాప్ స్టేటస్‌లో ల్యాప్‌టాప్‌ల ఫోటోలు వరసగా పెట్టి, కింద ‘విద్యార్థులకు ప్రత్యేక ధర’ అని రాసే ఆయన. పట్నంలో పాత కంప్యూటర్లు కొన్నవారికి ఈ మాట చాలు.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా తమ్ముడికి కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. మా ఇంట్లో ఇంజినీరింగ్ మెట్టు ఎక్కిన మొదటివాడు వాడే. నాన్న ఫీజులకూ హాస్టలుకూ తిరుగుతుంటే, ల్యాప్‌టాప్ సంగతి నాకు వదిలేయమన్నాను. నెలనెలా కడుతున్న 50,000 రూపాయల చీటీని 9,000 వదులుకుని పాడుకున్నాను. కొన్ని నెలలు ఆగితే ఆ నష్టం ఉండేది కాదు, కానీ తరగతులు ఆగవు కదా.

తమ్ముడు తనకు కావలసినవి ముందే కాగితం మీద రాసుకున్నాడు. సీటు అలాట్‌మెంట్ కాగితం నకలు వెనకవైపు, పెన్సిలుతో. ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌ను నడిపే చిప్, ఎనిమిదో తరం లేదా ఆపైది (తరం నంబరు పెరిగేకొద్దీ కొత్తది), 8 జీబీ ర్యామ్, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ తప్పనిసరి, బ్యాటరీ కనీసం మూడు గంటలు. మొదటి సంవత్సరం సీ భాష, పైథాన్ నేర్చుకోవడానికి ఇంతకు మించి అక్కర్లేదని సీనియర్లు చెప్పారట. ఆటలకు వాడే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు వద్దని కూడా వాడే రాశాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇంటి పరిస్థితి తెలిసి రాసుకున్న కాగితం అది.

ఆదివారం వెళ్లాం. ఆయన ఒక ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. మూత మీద పలుచని ప్లాస్టిక్ పొర, చేతులు ఆనించే చోట ‘ఐ5 పదో తరం’ అని మెరిసే స్టిక్కర్. ఓపెన్ బాక్స్ సరుకు, అంటే డబ్బా విప్పారే గాని ఎవరూ వాడలేదు అన్నాడు. ఏడాది వారంటీ అన్నాడు. 31,000 చెప్పి, పిల్లవాడి చదువని 27,500కు దిగాడు.

తమ్ముడు దాన్ని తన వైపు తిప్పుకుని ఏదో తెరవబోయాడు. ఆయన వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, “బాబూ, అవన్నీ నొక్కితే సెట్టింగులు మారిపోతాయి. కొత్త సరుకు, చూడటానికి ఏముంటుంది?” అంటూ ల్యాప్‌టాప్‌ను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. తమ్ముడు నా వైపు చూసి, “అప్పా, ఒక్క నిమిషం చూస్తాను” అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం.

నేను ఏమన్నానో తెలుసా? “ఊరుకోరా, పెద్దవారు చెబుతున్నారు కదా” అన్నాను.

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. వాడు చదివినవాడు, వాడికి తెలుసు. ఆ ఒక్క నిమిషం నేను వాడిని చూడనిచ్చి ఉంటే ఈ పోస్టు రాయవలసిన పని ఉండేది కాదు. దుకాణంలో అంతమంది ముందు అనుమానించినట్టు ఉంటుందేమోనని మొహమాటపడ్డాను. చీటీ డబ్బు పోతుందన్న భయం కంటే ఎవరో తెలియని మనిషి నొచ్చుకుంటాడన్న భయమే నాకు ఎక్కువైంది.

బిల్లు విషయంలోనూ అంతే. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, మరో 4,950 అవుతుంది, ఎందుకమ్మా అన్నాడు. నేను ఎరువుల దుకాణంలో రోజంతా కూర్చుని బిల్లులు రాసే మనిషిని. యూరియా బస్తా కొన్న రైతుకు కూడా బిల్లు చేతిలో పెట్టి పంపిస్తాను. అలాంటి దాన్ని, 27,500 చేతికిచ్చి, సీరియల్ నంబరు లేని, జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేట్ చీటీ ఒకటి మడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను. మోడల్ దగ్గర ‘ల్యాప్‌టాప్ 1’ అని మాత్రమే రాశాడు. అడుగున చిన్న అక్షరాలతో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చువేసి ఉంది.

ఆ రాత్రే బయటపడింది. ఛార్జింగ్ నూరు శాతం చూపించి, ఒక వీడియో పాఠం సగం కాకముందే ఇరవైకి పడిపోయింది. తమ్ముడు కంప్యూటర్ లోపలి వివరాలు చూపే టాస్క్ మేనేజర్ తెరిచాడు. ప్రాసెసర్ పేరు ఐ5-6300యూ. అది ఆరో తరం, 2015లో వచ్చినది, రెండే కోర్లు. పైన స్టిక్కర్ మాత్రం పదో తరం. బ్యాటరీ రిపోర్టు తీస్తే, తయారైనప్పుడు 50,000 మిల్లీవాట్-అవర్ల పైచిలుకు ఉన్న సామర్థ్యం ఇప్పుడు 17,000కు కూడా లేదు. అంటే మూడో వంతు మిగిలింది.

తర్వాత ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాం. ఎ, ఎస్, ఇ అక్షరాల మీటలు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. స్పేస్ బార్ మీద కుడి బొటనవేలు పడే చోట వెలిసిన మచ్చ. కింద సీరియల్ నంబరు స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే తమ్ముడు గోటితో మెల్లగా లాగాడు. దాని కింద ఇంకో స్టిక్కర్, సగం చిరిగినది, ఏదో ఆఫీసు తన సామాన్లకు వేసుకునే ఆస్తి నంబరు, బార్‌కోడ్. బయోస్‌లోని, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే లోపలి ప్రోగ్రాంలోని, సీరియల్ నంబరు పై స్టిక్కర్‌లో ఉన్నది కాదు. బయోస్‌లోని నంబరును తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ 2019లోనే ముగిసిందని వచ్చింది.

ఎవరూ ముట్టుకోని కొత్త సరుకు ఇదీ!

ఇంకొక సంగతి నాకు తమ్ముడు చెబితే తెలిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైవి మాత్రమే అధికారికంగా పనికివస్తాయి. ఆరో తరం ఆ జాబితాలో లేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ దుకాణదారు, ఎక్కించేటప్పుడు ప్రాసెసర్ పనికివస్తుందా అని విండోస్ చేసే తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించి, కొత్తదానిలా చూపించాడు. నాలుగేళ్లు వాడవలసిన పిల్లవాడికి అంటగట్టాడు.

సోమ, మంగళవారాలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ రోజు నేను సెలవు పెట్టి, తమ్ముణ్ణి తీసుకుని వెళ్లాను. అప్పటికి దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. ఒక తండ్రి, ఆయన వెనకాల పుస్తకాల సంచితో ఒక అమ్మాయి. నేను గొంతు పెంచలేదు. “అయ్యా, ఇది మీరు చెప్పినది కాదు. మా డబ్బు మాకిచ్చి మీది మీరు తీసుకోండి” అన్నాను. ల్యాప్‌టాప్ తిరగేసి ఆ రెండు స్టిక్కర్లూ చూపించాను.

ఆయన వాటి వైపు చూడనే లేదు. చీటీ తీసుకుని అడుగు లైను మీద వేలు పెట్టి, “చదువు వచ్చు కదమ్మా? చదువుకోండి” అన్నాడు. ఏడాది వారంటీ అన్నారు కదా అంటే, చీటీ మీద ఎక్కడ ఉందో చూపించమన్నాడు. తర్వాత నన్ను వదిలేసి మా తమ్ముడి వైపు తిరిగాడు. అందరికీ వినబడేలా అన్నాడు: “ఇంజినీరింగ్ చదువుతాడట, ఆరో తరానికీ పదో తరానికీ తేడా తెలియదు! కొనేటప్పుడు చూసుకోవలసింది నువ్వా, నేనా? రేపు ఇలాంటివాళ్లే ఇంజినీర్లు!”

ఎవరో నవ్వారు.

మా తమ్ముడి జేబులో ఆ పెన్సిల్ కాగితం ఉంది. వాడు ఒక్క మాట అని ఉండవచ్చు, ‘నేను చూస్తానంటే మీరే లాక్కున్నారు’ అని. ‘మా అప్ప ఆపింది’ అని కూడా అనవచ్చు, అది నిజమే కదా. ఏమీ అనలేదు. నా మాట పోకూడదని తల వంచుకుని, ఛార్జర్ తీగ చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. వాడి చెవులు ఎర్రబడటం చూశాను. డబ్బు పోయినందుకు ఏడుపు రాలేదు. ఆ నిలబడటం చూసి వచ్చింది.

అప్పుడు నేనే చెప్పాను, గట్టిగా. “వాడు చూస్తానన్నాడు. మీరు చెయ్యి అడ్డం పెట్టారు. నేను మిమ్మల్ని నమ్మి వాడి నోరు మూయించాను. తప్పు నాది, మోసం మీది. వాడికి అన్నీ తెలుసు” అన్నాను. ఆయన చేతులు ఊపుతూ, కావాలంటే దీన్ని 9,000కు తీసుకుంటాను, ఇంకో పదిహేను వేలు వేసుకుంటే వేరేది ఇస్తాను అన్నాడు. మూడు రోజుల క్రితం 27,500కు అమ్మిన వస్తువుకు ఆయన నోటితో ఆయనే కట్టిన విలువ 9,000. ఆ తండ్రి మాత్రం మా మాటలు విని, కూతుర్ని తీసుకుని మెల్లగా బయటికి వెళ్లిపోయారు. అయ్యా, మీరెవరో నాకు తెలియదు, మంచి పని చేశారు.

పాత ల్యాప్‌టాప్ కొనడం తప్పని నేను అనడం లేదు. ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసినవి టోకున బయటికి వస్తాయి, వాటిలో గట్టివి ఉంటాయి. మాలాంటి వారి పిల్లలు వాటితోనే చదువుకుంటున్నారు. విశాఖపట్నంలో మా చిన్నాన్న ఇదే ప్రాసెసర్ ఉన్నదాన్ని ఒక దుకాణంలో అడిగితే, ఇది పాతది, ఆరో తరం, బ్యాటరీ మార్చుకోవాలి అని ముందే చెప్పి 13,000 అన్నారట. పాతదాన్ని పాతది అని చెప్పి అమ్మితే నాకు ఎవరి మీదా కోపం లేదు.

బస్సులో వస్తూనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మా దుకాణం యజమాని ఇంకో మాట చెప్పారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న సరుకును, బిల్లులో గడువేమీ రాయకపోతే, ముప్పై రోజుల లోపల వెనక్కి తీసుకోనని అనడం కూడా అంతే. చీటీ అడుగున ఒక లైను అచ్చువేసుకున్నంత మాత్రాన చట్టం మారదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు. రేపు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపుతున్నాను, తర్వాత కమిషన్‌కే.

కొనబోయేవారికి రెండు మూడు మాటలు. బల్ల దగ్గరే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు కనబడుతుంది. ఐ5 తర్వాత 6300 అంటే ఆరో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 10210 అంటే పదో తరం. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొడితే బ్యాటరీ సంగతి తెలుస్తుంది. స్టిక్కర్ మీది సీరియల్ నంబరు, బయోస్‌లోని నంబరు ఒకటేనా చూసి, అక్కడే ఫోనులో వారంటీ వెతకండి. ఆ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు ఇవ్వనంటే లేచి రండి. మీ వెంట వచ్చిన పిల్లలు ఒక్క నిమిషం చూస్తామంటే చూడనివ్వండి.

ఈ నెలలో అదే మనిషి దగ్గర, అలాంటి ఎస్టిమేట్ చీటీతో కొన్నవారు ఉంటే ఆ చీటీ పారేయకండి. ఈ రాత్రే ల్యాప్‌టాప్ తిరగేసి, స్టిక్కర్ మూల ఒకసారి లేపి చూడండి. కింద ఇంకొకటి ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. నోటీసు రేపు మధ్యాహ్నం లోపల పోస్టు చేస్తాను. మీ ఫోటోలు కూడా దానికి జతచేస్తాను.