దెబ్బలు తిన్న కాపురానికి తెగతెంపులు: ముందు రాజీయా, ముందు కేసా?

1936లో ఒడిశా ఏర్పడి సరిహద్దు గీత పడినా, ఒడిశా వైపు పడిన పర్లాకిమిడి ఆడపిల్లను ఆంధ్ర వైపు పాతపట్నంలోనో టెక్కలిలోనో ఇవ్వడం, అక్కడి పిల్లను బరంపురం కోడలిగా తెచ్చుకోవడం ఆగలేదు. అలా ఇచ్చిన కూతురు దెబ్బలు తిని పుట్టింటికి చేరినప్పుడు పెద్దలు మొదట అనే మాట, ఎంతో కొంత తీసుకొని వదిలించుకుందామని. (వారు స్టాంపు కాగితం మీద రాయించే విడాకులు, అటువంటి ఆచారం తమలో ఉందని నిరూపించగలిగితే తప్ప, హిందూ వివాహ చట్టం ముందు చెల్లవు.)

కోర్టు ద్వారా పరస్పర అంగీకారంతో విడిపోవాలంటే ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక ఉండే ఆరు నెలల గడువును తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సాక్షులు, వాదోపవాదాలు ఉండవు కనుక ఇది త్వరగా తెమిలే దారే. కానీ జరిగిన హింస ఆ కాగితంలో సాధారణంగా కనబడదు. కేసులన్నీ వాపసు తీసుకుంటాను, ఇక ఏ హక్కూ కోరను అన్న షరతు మాత్రం కనబడుతుంది.

2005 నాటి గృహహింస చట్టం కింద, తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అంటే పుట్టింటి ఊరి మేజిస్ట్రేటు ముందే, ఆమె కేసు వేయవచ్చు. కొట్టాడు గనుక భరణం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు ఇద్దరి ఆదాయం, ఆస్తులతో పాటు ప్రవర్తనను కూడా కోర్టు చూస్తుంది గాని, భరణం శిక్ష కాదు. శరీరానికీ మనసుకూ తగిలిన గాయానికి గృహహింస చట్టంలోని 22వ సెక్షన్ కింద నష్టపరిహారం వేరుగా అడగాలి. స్త్రీధనం, నివాసం, నెలవారీ ఖర్చు కూడా అక్కడే అడగవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం కేసులో ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయ వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. పెద్దల పంచాయతీలో అల్లుడికి ఎంత ఉందో తెలియకుండానే బేరం ముగుస్తుంది.

గృహహింస కేసును అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అన్నా, వాయిదాలు అంతకు మించి సాగడం మామూలే. భర్త జీతగాడైతే అతని యజమానే నేరుగా ఆమెకు చెల్లించేలా మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. విశాఖలో ఉద్యోగమైనా అది పనికొస్తుంది. ఊరూరా తిరిగే కూలి అయితే బకాయిల కోసం రాష్ట్రం దాటి వెంటపడటం కన్నా చేతికందే ఏకమొత్తమే మేలు.

రుజువుగా ఆసుపత్రి చీటీలు గానీ, ఫోను సందేశాలు గానీ ఉన్నవారికి నా సలహా, ముందు గృహహింస కేసు వేసి, మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఆదేశం) పొంది, ఆ తర్వాతే రాజీకి కూర్చోమని. రాజీలో భరణం, పరిహారం, స్త్రీధనం విడివిడిగా రాయించాలి. డిక్రీ వచ్చేలోపు ఏ పక్షమైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు కనుక, ఒప్పుకున్నదానిలో మిగిలిన సొమ్ము కోర్టు ఎదుట డిమాండ్ డ్రాఫ్టుగా అందే రోజుకు ముందు కేసు వాపసు తీసుకోకూడదు. వకీలు ఖర్చుకు వెనకాడనక్కరలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తుంది.