బర్గండీలో రోడ్ సైకిల్ అద్దెకు తీసుకుంటున్నారా? డిపాజిట్ దగ్గర జాగ్రత్త

ఫ్రాన్స్‌లోని బర్గండీ ద్రాక్ష తోటల్లో తొక్కడానికి కార్బన్ రోడ్ సైకిల్ అద్దెకు తీసుకోబోతున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నిన్న సాయంత్రం మా బావ కార్డు నుంచి 640 యూరోలు లాగేశారు. ఫ్రేమ్ మీద ఎప్పటిదో పాత గీత చూపించి, అది మీరే చేశారన్నారు. అది పాతదని తేల్చే ఒకే ఒక్క రుజువును మా కళ్ళ ముందే గోటితో పీకి చెత్తబుట్టలో పడేశారు. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పడుకుంటే ఆ గోరే కళ్ళ ముందుకొస్తోంది. అందుకే పొద్దున్నే లేచి రాస్తున్నాను.

దుకాణం పేరు ఇక్కడ పెట్టట్లేదు. బ్యాంకులో ఫిర్యాదు వేశాం, అది తేలేదాకా పేరు బయటపెట్టి ఇంకో తలనొప్పి తెచ్చుకోలేం. ఆ వైపు వెళ్ళి సైకిళ్ళు తీసుకున్నవాళ్ళకు మిగతాది చదివితే ఎవరో తెలిసిపోతుంది.

ముందు సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను ఉండేది స్టుట్‌గార్ట్‌లో. బావ హైదరాబాద్ నుంచి సెలవు మీద వచ్చారు. అక్కడ ఆదివారాలు గండిపేట వైపు, వీలైతే అనంతగిరి కొండల దాకా తొక్కే మనిషి. వాళ్ళకు ఒకప్పుడు శామీర్‌పేట దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోట ఉండేది. పందిళ్ళ కింద ఆడుకుంటూ పెరిగినాయనకు, నడుం ఎత్తు కూడా లేని ఫ్రాన్స్ ద్రాక్ష మొక్కల మధ్య సైకిల్ తొక్కాలని ఎప్పటినుంచో కోరిక. వైన్ మీద మాత్రం ఆసక్తి లేదు, చుక్క కూడా ముట్టరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని అవసరం పడుతుంది.

దారిని మాత్రం ఒక్క మాట అనలేను. బోన్ నుంచి సాంత్నే దాకా తోటల మధ్యలోంచే వెళ్ళే సైకిల్ దారి 20 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ మోంత్రషే, ఒక్కో ఊరూ దాటుతుంటే రెండు పక్కలా రాతి గోడలు, వాటి వెనక గీత గీసినట్టు సాళ్ళు. సాళ్ళ మీదుగా కాళ్ళు చాపి నడిచే ఎత్తైన ట్రాక్టర్లు వస్తే పక్కకు తప్పుకోవాలి, అంతే. ఈ తోటల ముక్కలన్నిటినీ 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మోంత్రషే తోట గోడ దగ్గర బావ చాలాసేపు నిలబడిపోయారు. ప్రపంచమంతా పేరున్న ఆ తోట మొత్తం దాదాపు 8 హెక్టార్లే, మన లెక్కలో 20 ఎకరాలు. "మా తోటకన్నా కొంచెమే పెద్దదిరా" అన్నారు. ఆ ముఖంలో ఆ సంతోషం చూశాను కాబట్టే ఇప్పుడు ఇంత మంటగా ఉంది.

సైకిల్ సంగతి వేరు. బావకు ఇచ్చింది నల్ల రంగు కార్బన్ ఫ్రేమ్, సైజు 54. కింద చదునుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. సేన్ రోమాన్ దాటి ఓర్ష్ వైపు కొండ ఎక్కుతుంటే చెయిన్ పళ్ళ మీద నిలవలేదు. గట్టిగా తొక్కినప్పుడల్లా జారిపోవడం, కాలు ఒక్కసారిగా కిందికి దిగిపోవడం. చెయిన్ బాగా అరిగి సాగిపోయిందని సైకిల్ తొక్కేవాళ్ళెవరికైనా తెలుస్తుంది. దుకాణానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెట్టాం, జవాబు లేదు. దిగి నడిపించుకుంటూ పైకెళ్ళాం. దానికి కూడా నేను ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

తిరిగి ఇవ్వడానికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. కౌంటర్ దగ్గరున్న మనిషి మొదట అడిగిన మాట "మీ ట్రైన్ ఎన్నింటికి?" అని. డిజోన్‌లో టీజీవీ హైస్పీడ్ ట్రైన్ అందుకోవాలి, ఇంకో 40 నిమిషాల్లో ఇక్కడ ట్రైన్ ఎక్కాలి అని చెప్పాను. తల ఊపి, మమ్మల్ని పక్కన నిలబెట్టి వేరేవాళ్ళతో మాట్లాడుతూ కూర్చున్నాడు. సగం టైమ్ అలాగే పోయింది. అప్పుడు లేచి వచ్చి, టార్చ్ తీసుకుని తిన్నగా ఒకేచోట వెలుతురు పెట్టాడు. వెతకలేదు. టైర్లు చూడలేదు, బ్రేకులు చూడలేదు. వెనక చక్రానికి కుడివైపు, చెయిన్ కింద ఉండే ఫ్రేమ్ గొట్టం దగ్గరికే వెళ్ళింది టార్చ్.

అక్కడ వేలెడంత గీత ఉంది. లోతుగానే ఉంది. చెయిన్ జారి ఫ్రేమ్‌కీ పళ్ళకీ మధ్య ఇరుక్కుంటే పడే గీత అది. అద్దె సైకిళ్ళకు ఇది మామూలే, అందుకే అక్కడ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్టిక్కర్ అంటిస్తారు. ఈ సైకిల్‌కూ స్టిక్కర్ ఉంది. గీత ఆ స్టిక్కర్ కింద ఉంది.

ఇది రెండోసారి చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇదే. స్టిక్కర్ మీద ఏమీ లేదు. బావ వేలి గోటితో దాని మీద ఇటునుంచి అటు గీసి చూపించారు, ఎక్కడా తగల్లేదు, నున్నగా ఉంది. స్టిక్కర్ అంచుల చుట్టూ ఎన్నాళ్ళదో నల్లటి గ్రీజు గడ్డకట్టి ఉంది. గీత పడ్డాక, దాన్ని కప్పుతూ ఎప్పుడో అంటించారన్నమాట. బావ ఏ మాత్రం గొంతు పెంచకుండా ఇంగ్లీషులో, "స్టిక్కర్ కింద ఉన్నదాన్ని పైనుంచి మేమెలా గీస్తాం?" అని అడిగారు.

ఆ మనిషి ఏమీ అనలేదు. వంగి చూశాడు. తర్వాత బొటనవేలి గోరు స్టిక్కర్ మూల కింద పెట్టి, నెమ్మదిగా, మొత్తం ఊడదీశాడు. ఉండచుట్టి కౌంటర్ వెనక బుట్టలో వేశాడు. మా వైపు తిరిగి, "ఏ స్టిక్కర్?" అన్నాడు.

నాకు కొన్ని క్షణాలు నోట మాట రాలేదు. ఫోన్ నా జేబులో ఉంది, బయటికి తీసేలోపే అయిపోయింది. బుట్టలోంచి తీయబోతే అడ్డం నిలబడ్డాడు. అద్దెకిచ్చిన పొద్దున చక్కటి ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడినవాడు అక్కణ్ణుంచి ఫ్రెంచ్ తప్ప మాట్లాడలేదు. నాకు కొంత అర్థమవుతుంది కాబట్టి చెప్తున్నాను, అన్నది ఇది: తోటల్లో రుచి చూసిన వైన్ ఎక్కువై పడిపోయి ఉంటారు, అక్కడే గీసుకుపోయి ఉంటుంది. ఫ్రాన్స్‌లో లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ పరిమితి సైకిల్ తొక్కేవాళ్ళకూ వర్తిస్తుంది. అంటే మా బావ చట్టం తప్పాడని కూడా నిందించినట్టే. జన్మలో తాగని మనిషిని. సైకిల్‌కు ఇంకెక్కడా చిన్న రాపిడి కూడా లేదు, ఆయన మోచేతికి దెబ్బ లేదు, బట్టలకు మట్టి లేదు. పడినవాళ్ళు అలా ఉంటారా?

బావ నాణెం తీసి గీత మీదా, పక్కనా తట్టి వినిపించారు. కార్బన్ లోపల పగిలితే ఆ చోట శబ్దం మొద్దుబారుతుంది, తొక్కేవాళ్ళు మొదట అలాగే చూసుకుంటారు. రెండు చోట్లా ఒకే శబ్దం. అదీ వినలేదు. ఫ్రేమ్ మరమ్మత్తు అని బిల్లు కొట్టి, ముందే తీసుకున్న కార్డు వివరాలతో 640 నొక్కేశాడు. పిన్ అడగలేదు, సంతకం అడిగితే బావ పెట్టలేదు. అద్దెకిచ్చేటప్పుడు డిపాజిట్ కింద కార్డులో 2000 యూరోలు ఊరికే బ్లాక్ చేస్తాం, తీసుకోం అని చెప్పినవాళ్ళే. మన దేశపు కార్డు కాబట్టి పైన విదేశీ మారకం ఛార్జీ, దాని మీద జీఎస్టీ.

సైకిల్ ఎలా ఉందో రాసే ఫారం పొద్దున వాళ్ళే నింపుకున్నారు. కాపీ ఇవ్వమంటే ఈమెయిల్ చేస్తామన్నారు. రాలేదు. సాయంత్రం అడిగితే ఆ కాగితం చూపించలేదు. నా ఫోన్‌లో బావ సైకిల్ ఫొటోలు బోలెడున్నాయి, మోంత్రషే గోడకు ఆనించి తీసినవి కూడా. అన్నీ ఎడమవైపు నుంచే. గీత ఉన్నది కుడివైపు.

ట్రైన్‌లో బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. చాలాసేపటికి, "తాగి పడ్డానన్నాడు చూడు" అన్నారు. అంతే.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను. బావ బ్యాంకులో లావాదేవీ మీద అభ్యంతరం నమోదైంది. ఫ్రాన్స్‌లో వినియోగదారులతో వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ ఒక మధ్యవర్తిని పేర్కొనాలి, మనకు ఆ సేవ ఉచితం. ముందు దుకాణానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, అది ఈరోజే పంపాను. వినియోగదారుల ఫిర్యాదుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే సిగ్నల్‌కాన్సో సైట్‌లోనూ పెట్టాను. బుకింగ్ నా పేరు మీద ఉంది, నేను జర్మనీలో ఉంటాను కాబట్టి కేల్‌లోని యూరోపియన్ వినియోగదారుల కేంద్రానికి కూడా రాస్తున్నాను. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం, బంధువుల కోసం బుక్ చేసేవాళ్ళు యూరప్‌లో ఉండే మీ పేరు మీదే చేయండి, ఈ దారి తెరిచి ఉంటుంది.

మిగతా జాగ్రత్తలు. సైకిల్ చేతికిచ్చేటప్పుడే రెండు వైపులా, ముఖ్యంగా చెయిన్ ఉన్న వైపు, కింది నుంచి కూడా వీడియో తీయండి, అందులో దుకాణం మనిషి కనిపించేలా తీయండి. ఫారం కాపీ చేతికి రాకుండా కదలొద్దు. స్టిక్కర్లుంటే వాటి కింద ఏముందో చూసి రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడు ట్రైన్ టైమ్ చెప్పొద్దు, వీలైతే మర్నాడు బయల్దేరేలా పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కు ఉంటుంది కదా అనుకోవద్దు, ఫలానా తేదీకని బుక్ చేసిన విహార సేవలకు అది వర్తించదు. ఇంకొకటి, మోసానికి సంబంధం లేనిది: అక్కడి సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు వెనక చక్రానిది, ఎడమచేతిది ముందు చక్రానిది. మన దగ్గర దీనికి తిరగేసి ఉంటుంది. దిగుడులో అలవాటుగా నొక్కితే ప్రమాదం.

చివరగా ఒక సాయం కావాలి. ఈ ఏడాది ఆ వైపు తొక్కినవాళ్ళలో ఎవరైనా నల్ల రంగు, సైజు 54 కార్బన్ సైకిల్ అద్దెకు తీసుకుని ఉంటే మీ ఫోన్‌లో ఫొటోలు ఒకసారి తిరగేయండి. చెయిన్ వైపు నుంచి తీసినది ఒక్కటి చాలు. ఆ గొట్టం మీద స్టిక్కర్, దాని కింద గీత కనిపిస్తే, తేదీతో సహా ఒరిజినల్ ఫొటో నాకు పంపండి. దాన్ని బ్యాంకుకూ మధ్యవర్తికీ ఇస్తాం.