మిషన్ కాకతీయ సమీక్ష: చెరువుకు అందిన సేవ వాగుకు అందలేదు

2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయను రాజకీయంగా పొగిడినవారూ తెగడినవారూ ఎందరో ఉన్నారు గానీ, ఆయకట్టు రైతుకు అందిన సేవగా తూచి చూసినవారు తక్కువ. తెలంగాణలో లెక్కకు వచ్చిన 46,531 చెరువులు, కుంటలను ఏడాదికి అయిదో వంతు చొప్పున బాగుచేసి, కృష్ణా, గోదావరి పరీవాహకాల్లో చిన్న నీటి వనరుల వాటా అయిన సుమారు 265 టీఎంసీలను వాడుకలోకి తేవడం అప్పట్లో దీని లక్ష్యం.

ఈ సేవలో నాకు బాగా నచ్చింది పూడిక మట్టి ఏర్పాటు. తవ్వకం ఖర్చు ప్రభుత్వం భరించింది, ట్రాక్టరు కిరాయి రైతు పెట్టుకున్నాడు; సొంత డబ్బు పెట్టి తోలుకునే మట్టి కాబట్టి ఎవరూ దాన్ని గట్టున పారబోసి చేతులు దులుపుకోరు. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర చలకలో ఆ నల్లమట్టిని వానాకాలానికి ముందే పలచగా పరిచి దున్నితే నేల తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. ఇప్పటికే బంకగా ఉన్న రేగడిలో వేసుకున్నవారికి మాత్రం కిరాయి దండగే, అందుకే మట్టి పరీక్ష చేయించకుండా తోలుకోవడం తెలివైన పని కాదు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కట్ట మొదలుకు ఆనుకుని తవ్వితే కట్ట బలం తగ్గుతుంది, తూము (కాలువకు నీళ్లు వదిలే ద్వారం) మట్టానికి దిగువన తవ్విన గుంతల్లో నిలిచే నీళ్లు పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావుల ఊటకు పనికొస్తాయే తప్ప కాలువకు ఎక్కవు. ఎన్ని ట్రిప్పుల మట్టి పోయిందన్న లెక్కను చెరువులో పెరిగిన సాగునీటి లెక్కగా చెప్పుకోవడం అందుకే నాకు రుచించదు.

కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు) మరమ్మతుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. అవి ఎప్పుడో జరగవలసిన పనులు.

అసలు లోటు కట్టలకు ఎగువన ఉంది. కాకతీయుల నాటి నుంచీ మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి. పై చెరువు మత్తడి దుమికిన నీళ్లు ఒర్రెలో పడి కింది చెరువుకు చేరాలి. ఆ ఒర్రె దున్నకానికి గురైనా, చెరువుకు నీళ్లు తెచ్చే కట్టుకాలువలో సర్కారు తుమ్మ మొలిచినా, పైవాళ్లు మత్తడి ఎత్తు ఒక జానెడు పెంచుకున్నా, కింద ఎంత లోతు తవ్విన చెరువైనా ఖాళీ బిందెతో సమానం. పథకం పేరులో గొలుసును కట్టించిన రాజవంశం ఉంది గానీ, అంచనాలు మాత్రం ఎక్కువగా ఏ చెరువుకు ఆ చెరువుగానే తయారయ్యాయి. ఒక వాగు మీద ఉన్న ఊళ్లన్నీ ఒకచోట కూర్చుని ప్రణాళిక వేసుకునే పద్ధతి ఇందులో బలంగా లేదు.

అది జరగని పనేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతు భూగర్భ జల నిర్వహణ పథకంలో, మహబూబ్‌నగర్, నల్లగొండ రైతులు సైతం వానమాపకం, బావి నీటిమట్టం తామే చూసి రాసుకుని, యాసంగికి ముందు వాగు పరీవాహకం మొత్తానికి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరు ఏ పంట వేయాలో ఆ సభ శాసించలేదు. ఉన్న నీళ్లెన్నో, అనుకున్న పంటలకు కావలసిన నీళ్లెన్నో అందరి ముందు గోడ మీద రాసి, నిర్ణయం రైతుకే వదిలింది. సేవగా చూస్తే నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మిషన్ కాకతీయకు నేను ఇచ్చేది అయిదుకు మూడు. కోసిన రెండు మార్కుల్లో ఒకటి కట్టుకాలువలకు, రెండోది తూము తాళానికి. ఎండాకాలం మొదట్లో వరి చివరి తడికి తూము ఎత్తాలని ఆయకట్టుదారులు, చేపపిల్ల ఎదగడానికి నీళ్లు నిలపాలని మత్స్య సహకార సంఘం పట్టుబట్టినప్పుడు తీర్పు చెప్పేదెవరో పునరుద్ధరణ కాగితాల్లో లేదు. నీళ్లు వంతులవారీగా వదిలే నీరటి ఉన్న ఊళ్లలో ఆ తగవు పొలం గట్టు మీదనే తెగేది. ఇప్పుడు షట్టరు కొత్తది, దాని తాళం ఎవరి దగ్గర ఉండాలో మాత్రం పని మొదలుకాకముందే గ్రామసభ తీర్మానంలో రాయించుకోవలసింది.