శ్లాబుకి తెల్లకోటు, ఏసీ గదికి రబ్బరు బీడింగ్: కొన్ని వేసవులు వాడి చూశాక

కోనసీమలో పై అంతస్తులో ఉండేవాళ్లు వేసవి కోసం డబ్బు పెట్టాలనుకుంటే, పెద్ద ఏసీ కంటే ముందు శ్లాబు సంగతి చూడండి. అమలాపురంలో మా ఇంటికి 2021 ఎండలు ముదరకముందే ఈ పని చేయించాం. ఆ తర్వాత వేసవులన్నీ ఆ ఇంట్లోనే గడిపాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మా బాధంతా రాత్రిపూటే. కాంక్రీటు పగలంతా వేడెక్కి, కొన్ని గంటలు ఆలస్యంగా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. రాత్రి పదింటికి ఫ్యాన్ వేస్తే సెగ మీదికి కొట్టేది. మంచమెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించాక ఆ సెగ బాగా తగ్గింది. పాతబడిన సిమెంటు శ్లాబు ఎండలో చాలా భాగాన్ని పీల్చేసుకుంటుంది. కొత్త తెల్లకోటు 80 శాతం దాకా వెనక్కి కొట్టగలదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా ఆ ఏడాది చెప్పుల్లేకుండా డాబా ఎక్కగలిగాం. వడియాలు సరిగ్గా ఎండవేమోనని అత్తయ్యగారు బెంగపడ్డారు గానీ, ఎప్పటిలాగే గలగలలాడుతూ ఎండాయి.

అయితే మన వానల ముందు ఈ పెయింట్ అంత మొండిది కాదు. కొబ్బరి చెట్ల నీడ పడే వైపు పాచి పట్టి నల్లబడింది. నల్లబడిన చోట ఎండ మళ్లీ లోపలికే. పిట్టగోడ మూలన పెయింటర్ పాచి గీకకుండానే కోటు వేసేశాడు. మొదటి వానాకాలానికే అక్కడ పొరలుగా లేచిపోయింది. పనివాళ్లు శ్లాబు కడిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

ఇక సందుల సంగతి. చలిదేశాల్లో ఇంట్లో వేడి బయటికి పోకుండా సందులు మూస్తారు. మనకి బయటి ఉక్క లోపలికి రాకూడదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. అది తలుపు కింద నుంచి వస్తూనే ఉంటే, గదిని చల్లబరచడంతో పాటు ఆ తేమని నీళ్లుగా మార్చి తోడెయ్యడానికి కూడా ఏసీ కరెంటు ఖర్చుపెడుతుంది. పడకగది తలుపు కింద రబ్బరు పట్టీ బిగించి, కిటికీల చుట్టూ బీడింగ్ వేసి, ఏసీ రాగి పైపులు వెళ్లే కన్నాన్ని పుట్టీతో మూశాం. డ్రెయిన్ పైపు కింద పెట్టే బకెట్ అంతకుముందు తెల్లారేసరికి పొర్లిపోయేది, ఇప్పుడు నిండడమే లేదు. అదివరకు 22లో పెట్టినా చాలని ఏసీ ఇప్పుడు 26లో పెట్టి, ఫ్యాన్ వేసుకుంటే హాయిగా ఉంటోంది. కరెంటు బిల్లు వచ్చే రోజు టెన్షన్ కూడా తగ్గింది. జిగురుతో అంటించే స్పాంజి టేపు మాత్రం కొనకండి, మన చెమ్మకి ఊడిపోతుంది. స్క్రూలతో బిగించే రబ్బరు పట్టీయే నిలిచింది.

ఇల్లంతా ఇలా బిగించేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. వంటగదికి గాలి ఆడాల్సిందే, అక్కడ గ్యాస్ మండుతుంది. హాల్లో సాయంత్రం కాలవ వైపు నుంచి వచ్చే గాలికి ఏ ఏసీ సాటిరాదు.

భీమవరంలో మా బావగారు శ్లాబు కింద థర్మోకోల్ షీట్లు పెట్టి ఫాల్స్ సీలింగ్ చేయించారు. వేడిని థర్మోకోల్ బాగా ఆపుతుంది, అందులో అనుమానం లేదు. కానీ శ్లాబు ఎక్కడో కారుతుంటే ఆ షీట్ల వెనక ఏమవుతోందో కనపడదు. వాళ్లకి మరకలు పైకి తేలేసరికి లోపలంతా బూజు పట్టేసింది. ఇన్సులేషన్ వేయించేటట్టయితే శ్లాబు పైన వేయించి, మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, వాన నీళ్లు జారిపోయేలా వాటం సరిచూసి తెల్ల టైల్స్ పరిపించడం మేలు. అప్పుడు శ్లాబుకే ఎండ తగలదు. ఖర్చు మాత్రం పెయింట్ కంటే చాలా ఎక్కువ. మేడ మీద మేడ కట్టే ఆలోచన ఉన్నవాళ్లకి దండగ.

మా కోటు ఇప్పుడు బూడిద రంగులోకి దిగింది. సంక్రాంతి వెళ్లాక, మంచు తగ్గి శ్లాబు బాగా ఆరాక, వైరు బ్రష్‌తో గీకించి, పగుళ్లు పూడ్పించి మళ్లీ అదే పెయింట్ వేయిస్తాం.