పర్లాకిమిడిలో మా బుడ్డోడి రక్తపరీక్ష: ల్యాబ్‌కి మూడున్నర స్టార్లు

ల్యాబ్ పేరు రాయను. ఊరు చిన్నది, పైగా అక్కడ మైక్రోస్కోప్ దగ్గర కూర్చునే తమ్ముడంటే నాకు గౌరవం. నేను తిట్టేది కౌంటర్‌నీ, కంప్యూటర్‌నీ మాత్రమే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్రా వైపు పాతపట్నం దాటితే మేమే. బ్లౌజులు కుట్టే దుకాణం నాది. కిందటి నెల మా మూడేళ్ల బుడ్డోడికి మూడు రోజులైనా జ్వరం దిగకపోతే పిల్లల డాక్టరు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, చేయించమన్నారు. 250 రూపాయలు. రక్తం తీయడం మాత్రం ల్యాబ్ తమ్ముడు ముచ్చటగా తీశాడు. ఒక్కటే పోటు, వాడు ఏడుపు అందుకునేలోపే అయిపోయింది. ఊదా మూత గొట్టంలో పోసి, కుదపకుండా మెల్లగా ఏడెనిమిది సార్లు తలకిందులు చేశాడు. లోపల రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుందట, అది సరిగ్గా కలవకపోతే లెక్క తప్పుతుందట.

గంటలో ఇస్తామన్న రిపోర్టు రాత్రి ఏడున్నరకి ఇచ్చారు. అప్పటికే డాక్టరుగారు వెళ్లిపోయారు. కాగితం మీద తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 34 శాతం, పక్కన 'ఎల్', అంటే తక్కువ. ఇంకో రకం లింఫోసైట్స్ 58, పక్కన 'హెచ్', అంటే ఎక్కువ. రెండూ లావుపాటి నల్లటి అక్షరాల్లో. ఏమిటమ్మా ఇది అంటే కౌంటర్ అమ్మాయి తల ఎత్తకుండానే "డాక్టర్‌కి చూపించండి" అంది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికాను. ఆ రాత్రి పగవాళ్లకు కూడా వద్దు.

పొద్దున్నే షట్టర్ ఎత్తకముందే వెళ్లి నిలబడ్డాను. ఆ తమ్ముడు ఒడియా యాస తెలుగులో "రండక్కా, చూపిస్తాను" అని నిన్నటి స్లైడ్ పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. లేత గులాబీ ఎర్రకణాల మధ్య అక్కడక్కడా ఊదా చుక్కలు. ఒకదాని కేంద్రకం మూడు ముక్కలై, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి పోగు. ఒక హుక్కు కుట్టి, దారం తెంపకుండా పక్క హుక్కుకి లాగేస్తాం చూడండి, అచ్చం అలాగే. అది న్యూట్రోఫిల్. పక్కన గుండ్రటి బొత్తాంలా నిండుగా ఉన్నది లింఫోసైట్.

పెద్దవాళ్ల తెల్లకణాల్లో మామూలుగా సగానికి పైన న్యూట్రోఫిల్సే. బ్యాక్టీరియా చొరబడితే ముందుగా పరిగెత్తి మింగేవి ఇవే. రక్తంలో వీటి తిరుగుడంతా గంటల లెక్కే, అందుకే ఎముక మజ్జ రోజూ వేల కోట్లు తయారు చేస్తూనే ఉంటుంది. మా అత్తగారి కాలివేలికి పట్టిన చీములో కూడా ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సేనట. పేరు వెనక కథ నాకు ఇంకా నచ్చింది. 1800ల చివర్లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ డాక్టరు రంగులు అద్ది తెల్లకణాలను వేరుచేశాడట. ఆమ్ల రంగు పట్టింది ఈసినోఫిల్, క్షార రంగు పట్టింది బేసోఫిల్, ఎటూ మొగ్గనిది న్యూట్రోఫిల్. ఏ బట్టకి ఏ రంగు నిలుస్తుందో చూసుకుంటూ బతికేదాన్ని, ఇది చెప్పగానే ఎక్కింది.

అసలు సంగతేమిటంటే, నాలుగైదేళ్లు వచ్చేదాకా పిల్లలకు లింఫోసైట్సే ఎక్కువుండటం మామూలు. కంప్యూటరేమో మా వాడికి న్యూట్రోఫిల్స్‌కి పెద్దవాళ్ల రేంజ్, 40 నుంచి 80, అచ్చేసింది. వయసు 3 అని అదే కాగితం మీద ఉంది కదా! శాతం ఒక్కటే చూసి బెంబేలు పడకూడదట. ఒక మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 8,600, అందులో 34 శాతం అంటే 2,924. 1,500 కన్నా తగ్గితే ఆలోచించాలి, 500 కన్నా తగ్గితే ప్రమాదం. అంతటితో ఆగకుండా, నా ముందే మీట టిక్కు టిక్కుమని నొక్కుతూ వంద కణాలు లెక్కపెట్టాడు. అందులో న్యూట్రోఫిల్స్ 36 వచ్చాయి. చేతి లెక్కలో ఆ మాత్రం తేడా ఉంటుందన్నాడు. డాక్టరుగారు చూసి వైరల్ జ్వరమే అన్నారు, ఐదో రోజుకి దిగింది.

సూదికీ మైక్రోస్కోప్‌కీ ఐదు, కౌంటర్‌కీ కంప్యూటర్‌కీ రెండు. అలా వచ్చింది మూడున్నర.

మొన్న ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న మావయ్యగారిని తీసుకెళ్లాను. న్యూట్రోఫిల్స్ 82, పక్కన 'హెచ్'. ఈసారి టెన్షన్ పడకుండా నేరుగా లోపలికే వెళ్లి అడిగాను. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్నవాటిని ఆ మాత్రలు ప్రవాహంలోకి వదిలిస్తాయట, డాక్టరుగారూ అదే అన్నారు. కంప్యూటర్లో పిల్లల రేంజ్ మాత్రం ఇంకా పెట్టలేదు. నా వెనక చంటిబిడ్డతో నిలబడ్డ ఆవిడ రిపోర్టు మీద అచ్చయిన అంకెల్ని పెన్నుతో కొట్టేసి, 'ఈ వయసుకి మామూలే' అని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాస్తున్నాడు ఆ తమ్ముడు.